పనికొచ్చేది ఇప్పుడే వదలాలా, బాగయ్యేదాకా ఆగాలా? మా తాత సీడీ, ఐఫోన్ ‘జ్ఞా’ బగ్ కథ

మా పూతలపట్టు చుట్టుపక్కల ఎండాకాలం వచ్చిందంటే భారతం సీజన్. ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్ల దగ్గర పగలు హరికథ, రాత్రి తెల్లారేదాకా వీధి నాటకం, చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ. చిత్తూరు జిల్లా వాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. మా తాత వయసులో ఉన్నప్పుడు ఆ నాటకాల్లో భీముడి వేషం కట్టేవాడు. వేషం కట్టడమే కాదు, సొంతంగా పద్యాలు కూడా కట్టాడు. 2003లో మా నాయన ఆ నోట్‌బుక్‌ని చిత్తూరు తీసుకెళ్లి, ఒక డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించి, ప్రింట్లు తీయించి, ఫైల్‌ని సీడీలో వేయించుకుని తెచ్చాడు. నలభై పేజీలు. ప్రింట్లు నాటకం వాళ్ల చేతుల్లో నలిగి చిరిగిపోయాయి. నోట్‌బుక్ ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయింది. మిగిలింది సీడీ ఒక్కటే.

ఈ మధ్య తాతకు చూపు బాగా తగ్గింది. నేను ఫోన్లు రివ్యూ చేస్తానని ఆయనకు తెలుసు. ఒకసారి ఫోన్‌తో తెలుగు వార్తలు చదివించి వినిపించాను కూడా. అది గుర్తు పెట్టుకుని, “ఏమప్పా, పేపరు చదివే ఫోను నా పద్యాలు చదవదా? ఈసారి భారతం మొదలయ్యే లోపల ఒకసారి వినాల” అన్నాడు.

ఇదేం పెద్ద పని అనుకున్నాను. సీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్ వెతకడానికే రెండు రోజులు పట్టింది. తీరా ఫైల్‌లోని టెక్స్ట్ బయటికి లాగి ఫోన్‌లో వేస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలూ కొమ్ములూ ఉన్న ఏవేవో అక్షరాలు. టెక్స్ట్ టు స్పీచ్ ఆన్ చేస్తే ఆ గొంతు “ఏ, డాలర్, క్యూ, పర్సెంట్” అని మొదలుపెట్టింది. తాత చెవి ఒగ్గి ఒక నిమిషం విని, “ఇది ఏ బాసరా?” అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

ఈ ఆర్టికల్ అక్కడ పుట్టింది. “కంపెనీలు సగం ఉడికిన సాఫ్ట్‌వేర్ ఎందుకు వదులుతాయి? ఇంకో ఆరు నెలలు ఆగి బాగా చేసి ఇవ్వొచ్చు కదా?” అని అందరం అంటాం. నేనూ చాలా రివ్యూల్లో రాశాను. ఇప్పుడు ఆ మాట అంత తేలిగ్గా రాయలేను. ఎందుకో చెప్పాలంటే ముందు మన తెలుగు అక్షరం ఐఫోన్లను పడేసిన రోజుల దగ్గరికి వెళ్లాలి.

ఒక్క అక్షరం, 38 రోజుల తేడా

2018 ఫిబ్రవరి. ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న రోజులు. ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో ఆ యాప్ క్రాష్ అవుతోందని ప్రపంచమంతా వార్త. ఐమెసేజ్, వాట్సాప్, మెసెంజర్, జీమెయిల్ లాంటివి. అదే అక్షరం నోటిఫికేషన్‌లో కనిపించిందంటే హోమ్‌స్క్రీన్‌ని నడిపే స్ప్రింగ్‌బోర్డ్ కూడా పడిపోయేది. అప్పుడు నా చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ కాబట్టి నేను గట్టు మీద కూర్చుని చూశాను. మా గ్రూపుల్లో అయితే ఒకటే పండగ, మన అక్షరానికి అంత పవర్ ఉందా అని.

నిజానికి తప్పు మన అక్షరానిది కాదు, మామూలుగా టైప్ చేసిన ‘జ్ఞానం’ అనే మాటతో ఏ ఫోనూ పడలేదు. ఇక్కడ కొంచెం లోపలికి వెళ్దాం, ముందు ముందు పనికొస్తుంది. యూనికోడ్‌లో ‘జ్ఞా’ అంటే ఒక అక్షరం కాదు. జ, పొల్లు, ఞ, దీర్ఘం, ఇలా నాలుగు కోడ్లు. వాటిని కలిపి ఒక ఆకారంగా గీసే పని ఫోన్‌లోని షేపింగ్ ఇంజిన్‌ది. ఆ క్రాష్ అయ్యే మెసేజ్‌లో ఐదోది ఒకటి దాగి ఉంది. ఞ తర్వాత, దీర్ఘానికి ముందు, కంటికి కనపడని ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అనే గుర్తు. ఇదేదో వింత గుర్తు అనుకోకండి, ఈ ఆర్టికల్ నిండా అదే ఉంది. ‘అప్‌డేట్’ అని రాసినప్పుడు ప్ తర్వాత అది లేకపోతే ‘అప్డేట్’ అని డ కింద పడిపోతుంది. కాకపోతే దీర్ఘానికి ముందు దాన్ని ఎవరూ పెట్టరు. అలా పెట్టినప్పుడు ఏం గీయాలో ఆ ఇంజిన్‌కి అర్థం కాలేదు.

మనీష్ గోరెగావ్‌కర్ అనే ప్రోగ్రామర్ అప్పట్లోనే దీన్ని విప్పి చూపించాడు. హల్లు, పొల్లు, ఇంకో హల్లు, ఆ కనపడని గుర్తు, తర్వాత గుణింతం, ఈ వరస వస్తే తెలుగులోనే కాదు, దేవనాగరిలోనూ బెంగాలీలోనూ కొన్ని కాంబినేషన్లు ఐఫోన్‌ని పడేస్తాయని చూపించాడు. అంటే ‘తెలుగు అక్షరం బగ్’ అనే పేరే సగం తప్పు.

ఇప్పుడు అసలు పాయింట్. ఆ సమయానికి ఐఓఎస్ 11.3 బీటాలో ఈ సమస్య లేదు. అంటే బాగైన వెర్షన్ వంటింట్లో ఉడుకుతూనే ఉంది. యాపిల్ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, 11.3 పూర్తయ్యేదాకా ఆగడం. రెండు, ఈ ఒక్క రంధ్రానికి మాట వేసి వెంటనే వదలడం. వాళ్లు రెండోది చేశారు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చింది. అదే రోజు మ్యాక్‌కి, వాచ్‌కి, యాపిల్ టీవీకి కూడా అప్‌డేట్లు వచ్చాయి. 11.3 వచ్చింది మార్చి 29న. ఆగి ఉంటే 38 రోజులు. ఆ 38 రోజులూ ఎవడు ఎవడికి ఆ మెసేజ్ పంపి ఆడుకుంటాడో అని ఐఫోన్ ఉన్నవాళ్లు కాచుకుని కూర్చోవాలి.

సరే, ఇది అందరూ మెచ్చుకునే భాగం. కానీ అదే కంపెనీ, అదే కాలంలో, ఇంకో రెండు ఫీచర్లను ఏం చేసిందో చూడండి. మెసేజెస్ ఇన్ ఐక్లౌడ్, ఎయిర్‌ప్లే 2. రెండూ 2017 జూన్‌లో ఐఓఎస్ 11తో పాటు స్టేజ్ మీద ప్రకటించినవే. 11.3 బీటాల్లో కనిపించాయి కూడా. ఫైనల్ 11.3లో లేవు. చివరికి 2018 మే 29న 11.4లో వచ్చాయి. దాదాపు ఏడాది. అప్పుడు అందరం తిట్టాం, ప్రకటించిన ఫీచర్ ఏడాదికి ఇస్తారా అని.

ఇప్పుడు ఆలోచిస్తే మెసేజెస్ విషయంలో ఆ ఆలస్యం నాకు సబబే అనిపిస్తోంది. అక్షరం తప్పుగా గీస్తే రేపు మళ్లీ గీయొచ్చు. మీ అన్ని డివైజ్‌ల్లోని మెసేజ్‌లను కలిపే సింక్‌లో తప్పు జరిగితే? ఐఫోన్‌లో పోయిన మెసేజ్ ఐప్యాడ్‌లోనూ పోతుంది. ఆ తర్వాత ఎంత మంచి అప్‌డేట్ వచ్చినా మీ అమ్మ పంపిన మెసేజ్ తిరిగి రాదు. వాళ్లు సరిగ్గా ఇదే లెక్క వేసుకుని ఆగారని నేను అనను, లోపల ఏం జరిగిందో మనం చూడలేదు. కానీ నేను వేసే లెక్క ఇదే.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే తొందర ఎప్పుడూ మంచిదే అన్నట్టు అవుతుంది. దానికి కొన్ని నెలల ముందు, 2017 నవంబర్ 28న, మ్యాక్‌లో పాస్‌వర్డ్ లేకుండానే ‘రూట్’ అని కొట్టి లోపలికి దూరిపోవచ్చని బయటపడింది. మరుసటి రోజుకే ప్యాచ్ వచ్చింది. ఆ ప్యాచ్‌తో కొందరికి ఫైల్ షేరింగ్ ఆగిపోయింది, దాన్ని సరిచేసుకోడానికి టెర్మినల్‌లో కమాండ్ కొట్టాల్సి వచ్చింది. అయినా అక్కడ ఆగడం అనేది కుదిరే పని కాదు. తలుపు తెరిచి ఉన్నప్పుడు ముందు గడియ పెట్టాలి, గడియ కిర్రుమంటుందా లేదా తర్వాత చూసుకోవచ్చు.

ఓపెరా మినీ రోజులు గుర్తున్నాయా?

మీలో కొంతమందికి ఇది తెలియకపోవచ్చు, అప్పటికి మీరు చిన్నపిల్లలు. ఆండ్రాయిడ్ ప్లాట్‌ఫామ్‌లోనే తెలుగుకు సపోర్ట్ వచ్చింది 2012లో, 4.1 జెల్లీబీన్‌తో. అంతకు ముందు చాలా ఫోన్లలో తెలుగు సైట్ తెరిస్తే వరసగా డబ్బాలు. లేదంటే వత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట. జావా ఫోన్ల సంగతి ఇంక చెప్పనక్కర్లేదు.

అప్పుడు మా క్లాసులో ఒక చిట్కా చేతులు మారేది. ఓపెరా మినీ ఓపెన్ చేసి, అడ్రస్ బార్‌లో ‘ఓపెరా కోలన్ కాన్ఫిగ్’ అని ఇంగ్లీష్‌లో కొట్టాలి. వచ్చిన పేజీలో చివరి దాకా పోతే, కాంప్లెక్స్ స్క్రిప్ట్‌లకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అనే ఆప్షన్ ఉంటుంది. దాన్ని ‘ఎస్’ చేసి సేవ్ కొడితే చాలు, ఫోన్‌లో తెలుగు వచ్చేసేది.

అది పనిచేసే పద్ధతి సింపుల్. ఓపెరా మినీలో పేజీ నేరుగా ఫోన్‌కి రాదు, ముందు ఓపెరా వాళ్ల సర్వర్‌కి పోయి, అక్కడ కుదించి మనకు పంపుతారు. ఈ ఆప్షన్ పెడితే ఆ సర్వరే తెలుగు అక్షరాలను బొమ్మలుగా గీసి పంపేది. ఫోన్‌కి తెలుగు రాకపోయినా పర్లేదు, బొమ్మ చూపించడం వస్తే చాలు. అక్షరాలు కొంచెం మసకగా ఉండేవి, డేటా ఎక్కువ తినేది, టెక్స్ట్ కాపీ చేసుకోడానికి లేదు. ‘సరైన సొల్యూషన్’ ఏ కోశానా కాదు. కానీ మేం ఆ ఏడాది తెలుగు చదివింది దాంతోనే.

ఇందులో నాకు ఇప్పుడు బాగా నచ్చేది ఏంటంటే, ఆ చిట్కా వెనక ఏ మరకా మిగల్లేదు. వెబ్‌సైట్‌లో ఉన్న తెలుగు యూనికోడ్‌లోనే ఉంది. బొమ్మగా మారింది దారిలో మాత్రమే. జెల్లీబీన్ ఫోన్ కొన్న రోజు ఆ ఆప్షన్ మర్చిపోయాం, అంతే. ఎవరూ ఏదీ కన్వర్ట్ చేసుకోవాల్సిన పని పడలేదు.

మరి మా తాత సీడీకి ఎందుకు అలా జరిగింది?

2003లో పుట్టిన రెండు టెక్స్ట్‌లు

ఆ కాలం డీటీపీ ఫాంట్ల గుట్టు ఇది. ఒక ఫాంట్‌లో కంప్యూటర్ ఇచ్చే గళ్లు 256. అందులో కొన్ని వాడుకోడానికి ఉండవు. మన హల్లులు, వాటి గుణింతాలు, వత్తులు అన్నీ విడివిడిగా పెట్టాలంటే ఐదు వందలు దాటిపోతాయి. గళ్లు చాలవు. అందుకని ఫాంట్ చేసిన వాళ్లు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఆ ముక్కల్ని ఇంగ్లీష్ అక్షరాల గళ్లలో కూర్చోబెట్టారు. కంప్యూటర్ అనుకునేది అది ఇంగ్లీష్ అక్షరం అని. స్క్రీన్ మీద, కాగితం మీద కనిపించేది తెలుగు ముక్క. ఆ ఫాంట్ ఉన్నంతసేపు అందమైన తెలుగు. ఫాంట్ తీసేస్తే ఏ, డాలర్, క్యూ, పర్సెంట్.

పైగా ఒక్కో కంపెనీ ఫాంట్‌లో ముక్కలు ఒక్కో గడిలో ఉండేవి. ఒక ఫాంట్‌లో దీర్ఘం ఉన్న చోట ఇంకో ఫాంట్‌లో వత్తు ఉంటుంది.

“యూనికోడ్ అప్పటికే ఉంది కదా, అందులో ఎందుకు కొట్టలేదు?” అని మీకు అనుమానం రావాలి. నాకూ వచ్చింది. ఉంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు 128 గళ్ల సొంత జాగా ఇచ్చారు, మన ప్రభుత్వ ప్రమాణం ఇస్కీ వరసను అనుసరించి. కానీ జాగా ఇవ్వడం వేరు, కంప్యూటర్‌లో అక్షరం కనపడటం వేరు. విండోస్‌లో తెలుగు వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో, గౌతమి ఫాంట్‌తో. అదీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి కాంప్లెక్స్ స్క్రిప్ట్‌ల టిక్ పెట్టి, ఎక్స్‌పీ సీడీ లోపల పెడితేనే. ప్రింటింగ్ వాళ్లు వాడే ఇన్‌డిజైన్‌లో భారతీయ భాషలను కూర్చే కంపోజర్ వచ్చింది 2012 నాటి సీఎస్6లో. అంటే ప్రమాణం వచ్చిన 21 ఏళ్లకు.

ఆ టైప్ చేసిన అన్నని వెతుక్కుంటూ చిత్తూరు పోయాను. ఇప్పుడు అక్కడ ఫ్లెక్సీలు, జిరాక్స్, ఆధార్ ప్రింట్లు నడుస్తున్నాయి. సంగతి చెప్పి, యూనికోడ్‌లో కొట్టి ఉంటే ఎంత బాగుండేది అన్నా అంటే ఆయన నవ్వాడు. “ఎలక్షన్ పాంప్లెట్ రేపు పొద్దున్నకి కావాలంటారు. పెండ్లి పత్రిక ఎల్లుండికి కావాలంటారు. కంప్యూటర్లో సరైన తెలుగు వచ్చేదానికి ఇంకా పదేండ్లు పడతాది, ఆడిదాకా పెండ్లి ఆపుకోండి అని చెప్పేదా?”

ఆయన మాట కరెక్ట్. ఆ ఫాంట్లే లేకపోతే మా తాత పద్యాలు అసలు టైప్ అయ్యేవే కాదు. ఆ ఇరవై ఏళ్లలో తెలుగులో అచ్చయిన పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు ఎన్నో ఆ ముక్కల ఫాంట్ల మీదే నడిచాయి. దాన్ని తప్పు అనడానికి నాకు నోరు రాదు.

కానీ అదే 2003లో ఇంకోటి జరిగింది. డిసెంబర్ 10న వెన్న నాగార్జున తెలుగు వికీపీడియా మొదలుపెట్టారు. ఆ రోజుకి చాలామంది కంప్యూటర్లలో ఆ పేజీ తెరిస్తే డబ్బాలే. విండోస్ 98 ఉన్న నెట్ సెంటర్‌లో అయితే ఆశ కూడా లేదు. చూడ్డానికి, మా తాత ప్రింట్‌అవుట్ ముందు ఆ వెబ్ పేజీ ఏ పాటికి? ఇక్కడ నల్లటి నిగనిగలాడే అక్షరాలు, అక్కడ డబ్బాలు. కానీ ఆ డబ్బాల వెనక ఉన్నది యూనికోడ్. అప్పుడు అందులో టైప్ చేసిన వాక్యాన్ని ఈ రోజు ఎనిమిది వేల ఫోన్‌లో తెరిచినా చదవొచ్చు, వెతకొచ్చు, గూగుల్‌లో దొరుకుతుంది, ఫోన్ పైకి చదివి వినిపిస్తుంది. ఒక్క అక్షరం మార్చకుండా.

రెండూ ‘సగం సాఫ్ట్‌వేర్’లే, గమనించండి. వికీ వాళ్లు కూడా అన్నీ సిద్ధమయ్యేదాకా ఆగలేదు. ఒకదాంట్లో కనపడటం బాగుంది, లోపల దాచింది పాడు. రెండోదాంట్లో కనపడటం పాడు, లోపల దాచింది బాగుంది. కనపడటాన్ని తర్వాత వచ్చిన ప్రతి విండోస్, ప్రతి ఆండ్రాయిడ్ ఉచితంగా బాగుచేసింది. లోపల దాచిందాన్ని ఏ అప్‌డేటూ బాగుచేయలేదు.

ఇంకా వెనక్కి పోతే ఇంకా వింత ఉదాహరణ ఉంది. 1990ల మొదట్లో అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు యూజ్‌నెట్ గ్రూపుల్లో తెలుగులో రాసుకోడానికి ఆర్‌టీఎస్ వాడేవాళ్లు. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తయారుచేసిన పద్ధతి అది. పూర్తిగా ఇంగ్లీష్ అక్షరాలే. చిన్న ట వేరు, పెద్ద ట వేరు. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది. కానీ ఏ అక్షరం ఏదో నియమం ప్రకారం ఉంటుంది కాబట్టి, ఆ రోజుల్లో రాసిన ఆర్‌టీఎస్ పద్యాన్ని ఇప్పుడు లేఖినిలో పేస్ట్ చేస్తే నిమిషంలో శుభ్రమైన తెలుగు అవుతుంది. అందవికారంగా ఉన్నది మిగిలింది, అందంగా ఉన్నది చిక్కుకుపోయింది.

ఇది తెలుగు సమస్య మాత్రమే కాదు. వైటూకే అంటే ఏంటి? మెమరీ బంగారంలా ఉన్న రోజుల్లో సంవత్సరాన్ని రెండు అంకెల్లో దాచారు. ప్రోగ్రామ్‌లు మారిపోతాయిలే అనుకున్నారు. ప్రోగ్రామ్‌లు మారినా ఆ రెండంకెల డేటా మారలేదు. 1999 వచ్చేసరికి ప్రపంచమంతా వాటి వెంట పడింది. మన వాళ్లు ఎంతమంది అమెరికా విమానం ఎక్కారో ఆ రెండంకెల పుణ్యాన! కాబట్టి మనం మరీ తిట్టకూడదు.

దీంతో నా రివ్యూల్లో ఏం మారింది

ఇప్పుడు ఏదైనా ఫోన్ గానీ యాప్ గానీ ‘బీటా’ అని, ‘త్వరలో మెరుగవుతుంది’ అని వస్తే నేను వెంటనే తిట్టడం మానేశాను. ముందు చూసేది, ఇందులో నేను పెట్టేది ఎక్కడ, ఏ రూపంలో దాగుతుంది అని. కెమెరాలో నైట్ మోడ్ సరిగ్గా లేదా? పర్లేదు, రెండు అప్‌డేట్ల తర్వాత చూద్దాం. యానిమేషన్ జెర్క్ ఇస్తోందా? అదీ పర్లేదు. కానీ నోట్స్ యాప్‌లో పేజీలకు పేజీలు రాసుకున్నాక బయటికి తీయడానికి స్క్రీన్‌షాట్ తప్ప దారి లేకపోతే, ఆ యాప్ ఎంత స్మూత్‌గా ఉన్నా నేను మార్కులు కోసేస్తున్నాను. చేతిరాత నోట్లు, వాయిస్ రికార్డింగ్‌లు, హెల్త్ డేటా, ఫోటోలకు రాసుకున్న క్యాప్షన్లు, వీటిని ఇప్పుడు ప్రతి రివ్యూలో ఇంకో కంపెనీ ఫోన్‌కి పంపి తెరిచి చూస్తున్నాను. బోర్ కొట్టే పని. స్పెక్స్ షీట్‌లో ఉండదు, యూట్యూబ్ షార్ట్‌లో చూపిస్తే వ్యూస్ రావు.

అప్‌డేట్ల గురించి అయితే నా పద్ధతి చెప్తాను, మీ ఇష్టం. సెక్యూరిటీ ప్యాచ్ వచ్చిన వారంలోపే వేసేస్తాను, గడియ సామెతే. పెద్ద ఓఎస్ అప్‌డేట్ మాత్రం మెయిన్ ఫోన్‌లో కొన్ని వారాలు ఆపుతాను. కారణం బగ్‌లు కాదు. చాలా ఫోన్లలో పాత వెర్షన్‌కి వెనక్కి రావాలంటే ఫోన్ మొత్తం ఖాళీ చేయాలి, ఐఫోన్‌లో అయితే కొన్నాళ్లకు పాత వెర్షన్ వేసే దారే మూసేస్తారు. ముందుకు పోవడం ఒక్క ట్యాప్, వెనక్కి రావడం ఒక రోజు పని. అందుకే కంపెనీలు కూడా అందరికీ ఒకేసారి ఇవ్వకుండా ముందు కొద్దిమందికి పంపి చూస్తాయి. మీ ఫ్రెండ్‌కి వచ్చి మీకు రాలేదంటే మీ ఫోన్ మీద పగతో కాదు.

తాత పద్యాలు ఎక్కడిదాకా వచ్చాయి

ఆ డీటీపీ అన్న షాపు మూలలో ఒక పాత కంప్యూటర్ ఇంకా ఉంది. పాత కస్టమర్లు ‘అదే పత్రిక మళ్లీ కొట్టు’ అని వస్తారని దాచుకున్నాడట. దాంట్లో మా ఫైల్ తెరుచుకుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పద్యాలను తెలుగులో చూశాను. ఏ ఫాంటో అక్కడే తెలిసింది. టెక్స్ట్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, ఆ పాత ఫాంట్ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేశాను. ఇలాంటి మార్పిడికి మన వాళ్లు చేసిన కృషి తక్కువేం కాదు. ఒకప్పుడు పత్రికల వెబ్‌సైట్లు కూడా సొంత ఫాంట్లతో నడిచేటప్పుడు, ఫైర్‌ఫాక్స్‌లో వాటిని అక్కడికక్కడే యూనికోడ్‌గా మార్చి చూపించే ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ ఉండేది. అది కూడా వికీ మొదలుపెట్టిన ఆ నాగార్జునగారు చేసిందే.

కన్వర్టర్ తొంభై పాళ్లు పని చేసింది. మిగతా పది పాళ్లలోనే ప్రాణం పోయింది. ఆ ఫాంట్లలో ముక్కలు కంటికి కనపడే వరసలో ఉంటాయి, పలికే వరసలో కాదు. అందువల్ల వత్తు జరిగిపోయి ‘ద్రౌపది’ కాస్తా ‘దౌ్రపది’ అయింది. కొన్ని చోట్ల సున్న బదులు అంకె సున్నా పడింది. కంటికి తేడా తెలియదు, ఫోన్ మాత్రం ‘జీరో’ అని చదువుతుంది.

చివరికి ఒక పద్ధతి కుదిరింది. రాత్రి అన్నం తిన్నాక మంచం దగ్గర ఫోన్ పెట్టి చదివిస్తాను. తాత కళ్లు మూసుకుని వింటాడు. తప్పు దగ్గర చెయ్యి ఎత్తుతాడు. “ఆడ కాదు, గణం పోయింది” అని సరైనది నోటికి చెప్తాడు. నేను టైప్ చేస్తాను. ఫోన్ గొంతులో రాగం లేదని మొదటి రోజు విసుక్కున్నాడు గానీ, రెండో రోజు నుంచి ఫోన్ ఒక పాదం చదివితే తను రాగంతో ఎత్తుకోవడం మొదలుపెట్టాడు. నలభై పేజీలకు పదకొండు రాత్రులు పట్టింది.

రెండు చోట్ల మాత్రం కుదరలేదు. ఎక్కడ ఏ కాపీలో చెడిందో, ఫైల్‌లోనే ఆ పాదాల జాగాలో వట్టి క్వశ్చన్ మార్కులు. పాత కంప్యూటర్‌లోనూ అంతే. తాతకు కూడా గుర్తు రాలేదు. నేను ఆ జాగా ఖాళీగా వదిలి, మీ నాటకం జట్టులో ఎవరికైనా గుర్తుంటే కనుక్కుందాం, ఇంకొన్ని రోజులు చూద్దాం అన్నాను.

“ఎవురున్నారప్పా ఇంకా? ఉండనీలే, కొత్తది కడతా” అన్నాడు.

నిన్న రాత్రి ఒకటి కట్టాడు. నేను టైప్ చేయబోతే వద్దని, ఫోన్ తన నోటి దగ్గర పెట్టమన్నాడు. వాయిస్ టైపింగ్ ఆన్ చేసి ఇచ్చాను. ‘గదాదండము’ అంటే అది ‘గద దండం’ అని రాసుకుంది. సరిచేసి, మామూలు టెక్స్ట్ ఫైల్‌లోనే సేవ్ చేసి, ఒక కాపీ మా నాయనకు, ఒక కాపీ నాటకం వాళ్ల గ్రూపుకు పంపాను. ఇంకో పాదం మిగిలి ఉంది. భారతం మొదలయ్యేదానికి ఇంకా పన్నెండు రోజులుంది.